గోధుమ పడనివారికి పెరుగు మందా?

మీ పిల్లవాడికి తిన్నది ఒంటపట్టడం లేదా? పొట్ట ఉబ్బి, తరచు విరేచనాలవుతున్నాయా? మీకు ఎన్ని టానిక్కులు తాగినా రక్తహీనత తగ్గడం లేదా? కారణాలు అనేకం. వాటిలో సీలియాక్ వ్యాధి ఒకటి. అన్నం తినే దక్షిణాదిన ఇది ఉత్తరాదికంటే అరుదే గాని, అసలు లేకపోలేదు.

గోధుమ, బార్లీలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు వుంటుంది. కొందరి శరీరంలోని రక్షణశక్తి దీనిని శత్రువుగా ఎంచి పోరాడుతుంది. ఆ పోరులో దెబ్బ తినేది వారి చిన్నపేగే. ఆహారసారాన్ని పీల్చుకునే సన్నని చూషకాలు అరిగిపోతాయి.

గోధుమే దోషి అని హాలెండుకు చెందిన పిల్లల వైద్యుడు డాక్టర్ విలెమ్ డికే 1950లో తన సిద్ధాంతవ్యాసంలో చూపాడు. కాని ఒక చిక్కు వుంది. ఈ జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు చాలామందిలో వుంటాయి. వారంతా గోధుమ తింటారు. జబ్బు వచ్చేది మాత్రం ఏ కొద్దిమందికో. ఎందుకని?

పేగులలో కాపురముండే బాక్టీరియా ఇందుకు కొంత కారణం కావచ్చు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 2016లో ఎలుకలపై ప్రయోగాలు చేశారు. సూడోమోనాస్ అనే బాక్టీరియా గ్లూటెన్‌ను కోసినప్పుడు, రక్షణశక్తిని మరింత రెచ్చగొట్టే ముక్కలు తయారయ్యాయి. లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా ఆ ముక్కలను ఇంకా చిన్నవి చేసి, వాటి వాడి తగ్గించాయి.

"అయితే రోజూ పెరుగు తింటే సరిపోతుందిగా!" అంటారేమో. తొందరపడకండి. పెరుగుగాని, బాక్టీరియా మాత్రలుగాని ఈ జబ్బును నయం చేస్తాయని రుజువు కాలేదు. రోగుల పేగులలో కనిపించే బాక్టీరియా తేడాలు జబ్బుకు కారణమో, ఫలితమో కూడా పూర్తిగా తేలలేదు. పడితే పెరుగు తినండి. దాని ధైర్యంతో చపాతీ మాత్రం తినకండి.

రుజువైన చికిత్స ఒక్కటే: జీవితాంతం గ్లూటెన్ మానడం. మైదా, బొంబాయిరవ్వ, గోధుమ సేమ్యా, బార్లీనీళ్ళు, మాల్టు పానీయాలు పనికిరావు. బజారు ఇంగువలో తరచు గోధుమపిండి కలుస్తుంది, చూసి కొనండి. అన్నం, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న నిక్షేపంగా తినవచ్చు. అయితే గోధుమలు ఆడించే పిండిమరలో వాటిని ఆడించకండి.

చివరగా ముఖ్యమైన మాట. అనుమానం రాగానే మీ అంతట మీరు గోధుమ మానేయకండి. మానేస్తే పరీక్షలలో జబ్బు బయటపడకపోవచ్చు. ముందు డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష చేయించుకోండి. పథ్యం సంగతి ఆ తరువాత.