ఎం-65 అని రాస్తే వంతెన నిలబడదు

హైవే వంతెనల గర్డర్లకు ఇప్పుడు హై స్ట్రెంత్ కాంక్రీటు వాడుతున్నారు. మన ప్రమాణాల ప్రకారం ఎం-65, ఆపై గ్రేడ్లే ఈ కోవలోకి వస్తాయి. అంటే 28 రోజులకు చదరపు సెంటీమీటరుకు సుమారు 650 కిలోల ఒత్తిడి తట్టుకోవాలి. గర్డర్లు సన్నబడతాయి, స్తంభాలు తగ్గుతాయి. లాభమే.

కానీ ఆ బలమంతా తక్కువ నీళ్లలోనే ఉంది. పని సులువవుతుందని సైట్‌లో నీళ్లు ఎక్కువ పోసినా, ఎండల్లో క్యూరింగ్ ఎగ్గొట్టినా ఎం-65 పేరుకే మిగులుతుంది.

కాంక్రీటు ఒక్కటే గట్టిదైతే కూడా చాలదు. 2024 ఏప్రిల్‌లో పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరుపై ఏళ్ల తరబడి కడుతున్న వంతెన గర్డర్లు ఈదురుగాలులకే కూలాయి. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం.

రేపు అలాంటి వంతెన మీదే మన పిల్లల స్కూలు బస్సు వెళ్తుంది. క్యూబ్ టెస్టు, తనిఖీ రిపోర్టులు చూపించమని అడగాలి. సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే కదా!