ట్రేల విందు మానండి, పప్పన్నానికి పిలవండి

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వార్త తెలిసిన వెంటనే అమెరికాలోని చాలా ఊళ్లలో ఇండియన్ గ్రోసరీ దుకాణాలకు జనం ఎగబడ్డారు. సోనా మసూరి బస్తాలు చూస్తుండగానే ఖాళీ అయ్యాయి. ఇంటికి ఒక్క బస్తానే ఇస్తామని కొన్ని దుకాణాలు కాగితం అంటించాయి. ఆ హడావుడిలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. బాస్మతి మీద నిషేధం లేదు. బిర్యానీ బియ్యానికి కరువేమీ రాలేదు. జనం పరుగెత్తింది రోజూ పప్పూ చారూ పెరుగూ కలుపుకుని తినే బియ్యం కోసం. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. సముద్రాలు దాటినా తెలుగు కడుపు ఏ అన్నాన్ని అడుగుతుందో మాత్రం అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

మరి అవే ఇళ్లలో శనివారం సాయంత్రం స్నేహితులను పిలిస్తే బల్ల మీద కనిపించేదేమిటి? అల్యూమినియం ట్రేలు. ఫుల్ ట్రే బిర్యానీ, హాఫ్ ట్రే గోబీ మంచూరియా, ఇంకో హాఫ్ ట్రే పనీరు కూర, చివర గులాబ్ జామూన్. ఈ వారం ఒకరింట్లో, వచ్చే వారం ఇంకొకరింట్లో అదే వరస. వాటి రుచికి వంక పెట్టనక్కర్లేదు. కానీ నాలుగిళ్లలో తిని వచ్చినవాళ్లకు ఏ ఇంటి చేతి వంట ఎలా ఉంటుందో తెలియకుండానే ఏడాది గడిచిపోతుంది. పరాయి దేశంలో స్నేహితుడికి పెట్టవలసింది ఇంట్లో వండిన మామూలు భోజనమే. దానికి కావలసిన సరుకు దొరకదన్న మాట ఇప్పుడు చెల్లదు.

తెలుగు వంటకు ప్రాణం పులుపు. ఆ పులుపు కోసం ప్రవాసంలో వండేవాళ్లు చేసిన అన్వేషణ నిజంగా మెచ్చుకోదగ్గది. గోంగూరనే తీసుకోండి. బర్మా వాళ్లు దాన్ని చిన్ బౌంగ్ అంటారు. రొయ్యలతో, వెదురు కొమ్ములతో వేయించుకుంటారు. ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపొలిస్, ఫోర్ట్ వేన్‌లలో బర్మా కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట గోంగూర కోసం ఇండియన్ దుకాణం ఒక్కటే దిక్కు కాదు.

మెక్సికన్ దుకాణంలోకి వెళితే ఇంకా ధైర్యం వస్తుంది. చింతపండు, కొత్తిమీర, సెరానో మిరపకాయలు, పచ్చి మామిడికాయలు, మన బెంగళూరు వంకాయ అన్నీ అక్కడ ఉంటాయి. వాటి పక్కనే టొమాటిల్లోలు. పలచటి కాగితం లాంటి పొర ఒలిస్తే లోపల ఆకుపచ్చ కాయ, దాని మీద చేతికి అంటుకునే జిగురు. గోరువెచ్చని నీళ్లలో కడిగితే ఆ జిగురు పోతుంది. కాయలను నాలుగు ముక్కలు చేసి, పచ్చిమిరపకాయలతో నూనెలో మగ్గనిచ్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరాలి. అన్నంలో కలుపుకుంటే పచ్చి టమాటా పచ్చడి కంటే ఒక పిసరు ఎక్కువ పుల్లగా ఉంటుంది. ఆ ముక్కలనే ఉడికిన కందిపప్పులో వేస్తే దోసకాయ పప్పు మీద బెంగ చాలావరకు తీరుతుంది.

నవంబరులో థాంక్స్‌గివింగ్ దగ్గర పడుతుంటే ప్రతి సూపర్‌మార్కెట్టులోనూ క్రాన్‌బెర్రీలు వస్తాయి. అమెరికాలో పండే క్రాన్‌బెర్రీల్లో సగానికి పైగా విస్కాన్సిన్‌వే. అమెరికన్లు వాటిని చక్కెర పోసి ఉడికిస్తారు. తెలుగిళ్లలో అవి పప్పులోకి, పులిహోరలోకి, ఆవపిండి కలిపిన ఊరగాయలోకి వెళుతున్నాయి. పులుపుతో పాటు కాస్త వగరు ఉంటుంది కాబట్టి చిన్న బెల్లం ముక్క పడాలి. ఇంగ్లండులో ఉన్నవాళ్లకు ఆ పులుపును రూబార్బ్ అనే మొక్క కాడలు ఇస్తాయి. యార్క్‌షైర్‌లో వేక్‌ఫీల్డ్ చుట్టుపక్కల చలికాలం పంటను చీకటి కొట్టాల్లో పెంచి, కొవ్వొత్తుల వెలుగులో కోస్తారు. ఆ లేత గులాబీ రంగు కాడలతో చేసిన పచ్చడి గోంగూరకు బాగా దగ్గరగా వస్తుంది. కాడలు మాత్రమే వాడాలి. ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, అవి విషం. ఆకుకూర కనబడగానే పప్పులో వేసే అలవాటున్న మనవాళ్లకు ఈ ముక్క ముందే చెప్పాలి.

కరివేపాకు విషయంలో మాత్రం అమెరికా చట్టం గట్టిది. నిమ్మ, నారింజ తోటలను ఆశించే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అది 1998లో ఫ్లోరిడాలో కనిపించింది. అది మోసుకొచ్చే గ్రీనింగ్ తెగులు 2005లో బయటపడింది. ఆ తర్వాత అక్కడి నారింజ తోటలు కుదేలయ్యాయి. అందుకే పెట్టెలో దాచి తెచ్చిన పచ్చి కరివేపాకును విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఆ నష్టం ఎంతటిదో తెలిశాక దాచి తేవాలన్న ఆలోచనే మానుకోవాలి. చాలా ఇళ్లలో కుండీలో ఒక మొక్క ఉంటుంది. చలికాలం రాగానే దాన్ని లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెడతారు. భోజనానికి వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు నాలుగు రెబ్బలు అడిగి పట్టుకెళ్లడం ఆ ఇళ్లలో మామూలే.

ఇక తాలింపు. అపార్ట్‌మెంటుల్లో పొయ్యి మీది ఫ్యాను చాలాచోట్ల పొగను బయటికి పంపదు, జల్లెడ పట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఎండుమిరపకాయ మాడిందంటే స్మోక్ అలారం మోగుతుంది, పొరుగువాళ్లు తలుపు కొడతారు. అలారం బ్యాటరీ పీకేయడం ప్రమాదం. ఆవాలు చిటపటలాడగానే గరిటె పొయ్యి మీంచి దించి, అప్పుడు ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేస్తే చాలు. ఆ నూనె వేడికే అవి వేగుతాయి.

ఇన్ని చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంత వంట ఎవరు చేయాలి? ఇది న్యాయమైన ప్రశ్న. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు, శనివారం పొద్దున పిల్లల క్లాసులు, సాయానికి మనిషి లేడు. పాతిక మందికి ఇంటావిడ ఒక్కతే వండటం కుదరదనే ట్రేలు వచ్చాయి. వంట మొత్తం మళ్లీ ఆవిడ నెత్తిన పడేసి, ఇంటి భోజనం గొప్పదని పొగిడేవాళ్ల మాట వినక్కర్లేదు. తగ్గించవలసింది పిలిచే మనుషుల సంఖ్య, వంటకాల సంఖ్య. ఎనిమిది మందికి ముద్దపప్పు, సీసాలోని ఆవకాయ, నెయ్యి, ఒక వేపుడు, పెరుగు చాలు. తెలంగాణ ఇళ్ల పచ్చిపులుసైతే చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపేస్తే అయిపోతుంది. కాస్త పోపు పడితే ఇంకా మంచిది. బెండకాయలు తరిగే పని గంట ముందు వచ్చిన స్నేహితులది. గిన్నెలు మగవాళ్లవి.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. చదువుకోవడానికి వెళ్లినప్పుడు నలుగురైదుగురు ఒక ఫ్లాటులో ఉంటూ, వంట ఒకరు, గిన్నెలు ఒకరు అని వంతులేసుకుని చేసిందే. ఉద్యోగాలు వచ్చి, సొంత ఇళ్లు కొని, వంటగదులు పెద్దవయ్యాక ఆ కలిసి వండుకోవడం పోయింది. అది తిరిగి రావాలి. ముందుగా పిలవవలసింది కూడా ఆగస్టులో కొత్తగా దిగిన విద్యార్థులనే. అద్దె, ఫీజులు లెక్క చూసుకుంటూ నూడుల్స్‌తో సరిపెట్టుకునేవాళ్లు వాళ్లలో తక్కువేమీ కాదు. పిలిస్తే కారులో వెళ్లి తీసుకురండి, మళ్లీ దింపి రండి. ఆదివారం బస్సులు నడవని ఊళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి, వాళ్లకింకా కార్లు లేవు.