ఒక్క మీటింగ్ చూసి వచ్చేస్తే ఎలా?

మా చిన్నాన్న మొదటిసారి 'ఏఏ' మీటింగ్‌కి వెళ్లింది ఒక శనివారం సాయంత్రం. గంటన్నరలో తిరిగొచ్చేశాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, 'అది మనలాంటోళ్లు వెళ్లే చోటు కాదులే' అన్నాడు. పిన్ని ఏమీ అనలేదు. లోపలికెళ్లి అన్నం వడ్డించింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో మళ్లీ ఆ ఊసు లేదు. తాగుడు మాత్రం మామూలే.

ఆ రోజు ఏం జరిగిందో చాన్నాళ్లకు గానీ చెప్పలేదు. (ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను.) గదిలో పదిమంది ఉన్నారట. అంతా ఇంగ్లిష్. ఒకరి తర్వాత ఒకరు తమ కథ చెప్పుకుంటున్నారు. కొందరు నవ్వుతున్నారు, కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. చిన్నాన్నకి సగమే అర్థమైంది. 'ముప్పయ్యేళ్లు బస్సులో టికెట్ టికెట్ అని అరిచినోణ్ని. అక్కడ నా పేరు చెప్పుకోడానికి గొంతు పెగల్లేదు' అన్నాడు.

తప్పు ఆయనదీ కాదు, వాళ్లదీ కాదు. ఆ మీటింగ్ ఆయనది కాదు, అంతే. ఈ చిన్న తేడా తెలియక ఎన్ని ఇళ్లలో ఎన్ని నెలలు పోతున్నాయో!

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో పుట్టింది. షేర్ల వ్యాపారంలో పనిచేసిన బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్... ఇద్దరూ తాగుడు చేతిలో చితికినవాళ్లే. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు. చేరడానికి ఒకటే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. ఏ గ్రూపుకి ఆ గ్రూపే తన మీటింగులు నడుపుకుంటుంది. అందుకే ఒకదానికొకటి పోలిక ఉండదు. ఒకచోట పుస్తకం చదివి చర్చిస్తారు, మరోచోట ఒక్కరే ముప్పావుగంట తన కథ చెబుతారు. కొన్ని మీటింగులు మానాలనుకునేవాళ్లకే. 'ఓపెన్' మీటింగ్ అయితే ఇంట్లోవాళ్లూ వెళ్లి కూర్చోవచ్చు.

కాబట్టి వెళ్లేముందే ఫోన్ చేసి అడగండి. ఏ భాషలో మాట్లాడతారు? ఓపెనా, కాదా? మాట్లాడటం ఇష్టం లేకపోతే 'ఈరోజు వింటాను' అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు. చర్చి ఆవరణలో ఉందని జంకేవాళ్లున్నారు. గది దొరికిన చోట పెట్టుకుంటారు తప్ప ఏఏ ఏ మతానికీ చెందింది కాదు. 'మనకన్నా పెద్ద శక్తి' అన్న మాట వినిపిస్తుంది నిజమే. అది ఏమిటన్నది ఎవరికి వారే అనుకోవచ్చు. అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది వేళ. కాళ్లు వైన్ షాపు వైపు లాగేది ఏ గంటకో, ఆ గంటకి జరిగే మీటింగ్ దొరికితే అంతకన్నా ఏం కావాలి?

డాక్టరిచ్చిన మందులు మానేయమనో, డబ్బు కట్టమనో ఎవరైనా అంటే మాత్రం మరో మాట లేకుండా లేచి వచ్చేయండి.

చిన్నాన్న కథలో తర్వాత జరిగింది ఇంకా భయపెట్టేది. అయ్యప్ప మాల వేసుకుందామని ఒక్కసారిగా మానేశాడు. రెండో రోజుకి చేతులు వణుకు, ఆ రాత్రి ఫిట్స్. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చని మాకెవరికీ తెలీదు. అలాంటివాళ్లు ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. మీటింగ్ ఆ తర్వాత. ఆసుపత్రిలో డాక్టరమ్మ అంతా విని, 'ఎన్ని మీటింగులు చూశారు?' అని అడిగింది. 'ఒకటి' అన్నాడు చిన్నాన్న. 'ఒక బస్సు కిటకిటలాడుతోందని ఊరెళ్లడం మానేస్తారా మీ ప్యాసింజర్లు?' అందావిడ. కనీసం నాలుగైదు చూడమంది.

మూడోది కుదిరింది. తెలుగు మీటింగ్, స్కూల్లో ఓ క్లాసు గది, సాయంత్రం ఏడింటికి. అక్కడ ఒక ఆటో డ్రైవర్ చెప్పింది విని ఏడుపొచ్చేసిందట. ఏం చెప్పాడని అడిగితే, 'అక్కడి మాట అక్కడే' అని నోరు కట్టేసుకున్నాడు.

ఇది అందరికీ పనిచేస్తుందా అంటే, చేయదు. కానీ 2020లో 27 అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, రోగులను పద్ధతి ప్రకారం ఏఏకి అలవాటు చేసిన చోట పూర్తిగా మానేసి నిలబడినవాళ్లు ఇతర చికిత్సల్లోకన్నా ఎక్కువగా కనిపించారని తేల్చింది.

పిన్ని గురించి చెప్పకపోతే అన్యాయం. మొదట్లో ఆయన వెంట వెళ్లి గేటు దగ్గర కాపలా కాసేది. లోపలున్నాడా, గోడ దూకాడా అని! ఇంట్లోవాళ్ల కోసం 'అల్-అనాన్' అని వేరే మీటింగులుంటాయి. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మరొకామెతో కలిసి మొదలుపెట్టింది. పిన్ని అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాక గేటు కాపలా మానేసింది. ఎక్కడ అడగాలో తెలియనివాళ్లు ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి, మనసు బాగోలేకపోతే టెలి-మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు.

మూడేళ్లయింది. మధ్యలో ఒకసారి జారాడు. మర్నాడు తనే మీటింగ్‌కి వెళ్లి చెప్పుకున్నాడు. ఇప్పుడు అక్కడ టీ పెట్టే పని ఆయనదే. ఊళ్లో పెళ్లి ఉందని పిలిస్తే ముందు అడిగేది ముహూర్తం కాదు, ఆ చుట్టుపక్కల మీటింగ్ ఏ రోజుందని.