బ్యాకులో నిలుచువాడు

ఫుట్‌బాల్ ఆట ముగిసిన పిమ్మట మనము అడుగు మొదటి ప్రశ్న "గోలు వేసినదెవరు?" అనునది. గోలు పడకుండ ఆపినదెవరని అడుగువారు అరుదు. బ్యాకులో నిలుచు బాలుని పేరు జనుల నోట వినబడుట, సాధారణముగా, అతడు తప్పినప్పుడే. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము.

మన పల్లెలలో మిరపకాయలు కళ్లమున ఆరబోసిన దినములలో రాత్రియంతయు మేల్కొని కావలి కాయువానిని చూడుడు. సరుకు క్షేమముగా గుంటూరు యార్డునకు చేరి మంచి వెల పలికినయెడల వానిని తలచువారుండరు. ఒక్క టిక్కీ పోయెనా, ఊరంతయు వానినే నిందించును. బ్యాకు ఆటగాని గతియు నట్టిదే.

హైదరాబాదు ఆటగాడు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ గారి చరిత్రము మన బాలురు తెలిసికొనదగినది. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో ఆయన బ్యాకు. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో మన దేశపు జట్టు యుగోస్లావియాతో ఆడి 10-1 గోలులతో ఓడిపోయెను. మనవారిలో పలువురు బూట్లు లేక వట్టి కాళ్లతోనే ఆడిరి. పది గోలులు పడిననాడు బ్యాకులో నిలిచినవాని మనస్సెట్లుండునో ఊహింపుడు!

అయినను ఆయనను త్రోసివేయలేదు. 1956లో మెల్బోర్న్ వెళ్లిన జట్టులోను ఆయన యుండెను. ఆ జట్టునకు శిక్షకుడు, ఒకప్పుడు బడిపంతులుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. మనవారు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచిరి. తరువాత ఎదురైనది ఆ యుగోస్లావియాయే. మొదటి సగము ఆటలో ఒక్క గోలును పడలేదు. పిమ్మట ముందుగా గోలు వేసినది మనవారే. తుదకు 4-1తో ఓడిరి గాని, ఆ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందిరి. పదికిని నాలుగింటికిని నడుమ గల భేదమును ఎవరు గణించిరి?

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణము బ్రెజిలు దేశమున కలదు. 1950 జూలై 16న రియో నగరమున ఉరుగ్వే 2-1తో గెలువగా, ఆ దేశపు జనులు నేరమంతయు బిగోడె యను బ్యాకుమీదను, బార్బోసా యను గోల్‌కీపరుమీదను మోపిరి. బార్బోసా 2000లో మరణించువరకు ఆ నింద మోయవలసివచ్చెను. పదునొకండుగురు ఆడిన ఆటకు ఇరువురు శిక్ష ననుభవించిరి.

దూరదేశపు మాట యేల? ఒక పోటీలో మన బాలుని కాలికి తగిలిన బంతి మన గోలులోనే పడెను. మరునాటినుండి తోటివారు వానికొక ఎగతాళిపేరు పెట్టిరి. విని ఉపాధ్యాయులమైన మేమును నవ్వితిమి. అది మా దోషము. వాడు మైదానమునకు వచ్చుట మానెను. కొన్నాళ్లకు తరగతికి వచ్చుటయు మానెను. "ఆటకును కొరగాడు, చదువుకును కొరగాడు, పత్తితీతకు పంపెదను" అని తండ్రి నిశ్చయించుకొనెను. మేము వారి యింటికి పోయి, మా తప్పు నొప్పుకొని, బాలుని బడికి తెచ్చుకొంటిమి. మైదానమునకు మాత్రము వాడింకను రాలేదు.

కావున మా మనవి యిది. వార్షికోత్సవమున గోలు వేసినవానికి ఇచ్చు బహుమతితో సమానమైన బహుమతి బ్యాకునకును ఇయ్యవలెను. బాలురారా, ఓడిన సాయంకాలమున మీ బ్యాకును ఒంటరిగా ఇంటికి పోనీయకుడు. తలిదండ్రులారా, కుమారుడు ఇంటికి రాగానే ఎన్ని గోలులు వేసితివని మాత్రమే అడుగకుడు.

నెహెమ్యా కాలమున యెరూషలేము ప్రాకారము కట్టునప్పుడు సగముమంది పని చేయగా, సగముమంది ఈటెలు పట్టి నిలిచిరి. గోడ లేచినది ఉభయులవలనను గదా.