బీడు ఖాళీ భూమి కాదు



మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో వేల ఎకరాలు ఖాళీగా ఉన్నాయని పాలకులు కంపెనీలకు చూపిస్తున్నారు. ఖాళీ ఎక్కడుంది? నాలుగు చినుకులు పడితే ఆ బీళ్లలో కసువు మొలుస్తుంది. ఊరి ఆవులు, ఎనుములు, గొర్రెలు దానిమీదే బతుకుతున్నాయి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే నేల మనది. అదీ నికరం లేదు. వేరుశనగ ఎండితే కాయతోపాటు కట్టె కూడా పోతుంది. అప్పుడు పాడిని నిలబెట్టేది బీడే. అదీ పోతే గడ్డి, దాణా అన్నీ కొనాలి. పాల ధర డెయిరీ చెబుతుంది, దాణా ధర వ్యాపారి చెబుతాడు. రెంటి మధ్య నలిగి ఆవు సంతకు పోతుంది. భూమిలేని కూలీకైతే పాడి అనే మాటే ఉండదు.

నంబులపూలకుంట చూడండి. 1,500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టి 2016లో మొదటి 250 మెగావాట్లు ప్రారంభించారు. వేల ఎకరాలకు కంచె పడింది. ఇలాంటి చోట పట్టా ఉన్నవారికి పరిహారమో కౌలో ఏదో ఒక లెక్క ఉంటుంది. తాతల నాటినుంచి మేపుకుంటున్నవారు ఏ లెక్కలోకీ రారు. 2024 ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా లక్ష్యం పెట్టుకుంది. ఇంకెన్ని కంచెలు పడతాయో ఆలోచించండి.

సోలార్ కరెంటుకు మనం వ్యతిరేకం కాదు. దాని ఖర్చు పశువుల నోటి కసువులోంచి రాబట్టడాన్నే వ్యతిరేకిస్తున్నాం.

బీడు బాగుపడదనే మాట కూడా అబద్ధం. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లిలో గ్రామస్తులు, టింబక్టు కలెక్టివ్ కలిసి 1990ల నుంచి కాపాడి వేల ఎకరాల గుట్టలను పచ్చగా చేశారు. రెవెన్యూ రికార్డులో అది వృథా భూమి! అక్కడే గాలిమరల కోసం గుట్టలు తవ్వి రోడ్లు వేశారు. స్టైలో గడ్డి విత్తనం పండించి ఇతర రాష్ట్రాలకు పంపిన జిల్లా మనది. ఆ విత్తనం మన బీళ్లలో ఎందుకు చల్లరు?

చట్టం మన పక్షాన ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం సెక్షన్ 58 మేత పోరంబోకును గ్రామ పంచాయతీకి దఖలు పరిచింది. ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని జగపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

మన డిమాండ్లు:

1. పశువులు మేస్తున్న బంజర్లను రీసర్వేలో మేత పోరంబోకుగా నమోదు చేయాలి.
2. గ్రామసభ తీర్మానం లేకుండా మేపు భూమి సెంటు కూడా కంపెనీలకు ఇవ్వకూడదు.
3. ఇప్పటికే కంచె పడినచోట పశువుల బాటలు వదలాలి. మేపు కోల్పోయిన ప్రతి కుటుంబానికీ ఏటా గడ్డి పరిహారం చెల్లించాలి.

ఈ నెలలోనే ప్రతి గ్రామ కమిటీ సచివాలయానికి వెళ్లి తమ ఊరి మేత పోరంబోకు సర్వే నంబర్లు రాసుకోవాలి. ఏ నంబరైనా చేతులు మారి ఉంటే ఉత్తర్వు చూపమని నిలదీయాలి. కంచె పడ్డాక కోర్టుల చుట్టూ తిరగడం కంటే, గుంజ పాతకముందే గ్రామసభలో అడ్డుకోవడం మేలు.