గగనమార్గమున అపార్థము

1996వ సంవత్సరము నవంబరు 12వ తేది సాయంకాలమున హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపమున రెండు విమానములు ఆకాశమునందే ఢీకొనినవి. ఢిల్లీనుండి బయలుదేరిన సౌదీ విమానములో 312 మందియు, ఢిల్లీకి వచ్చుచున్న కజకిస్థాన్ విమానములో 37 మందియు నుండిరి. ఒక్కరును బ్రతుకలేదు. ఇంగ్లీషు రాని చోదకులవలన వచ్చిన యుపద్రవమని దీనిని తేల్చివేయువారు కలరు. ఈ మాటలో కొంత సత్యమున్నను, అంతటితో విచారణ ముగించుటకు మేమంగీకరింపజాలము.

జరిగిన సంభాషణను పరిశీలింతము. కజకు విమానము 15,000 అడుగులకు దిగుటకును, సౌదీ విమానము 14,000 అడుగులవరకు లేచుటకును ఢిల్లీ నియంత్రణాధికారి యనుజ్ఞ యొసంగెను. 15,000 అడుగులకు చేరితిమని కజకు విమానమునుండి సరియైన ప్రత్యుత్తరమే వచ్చినది. ఎదుట బోయింగు వచ్చుచున్నదని యధికారి హెచ్చరించెను గూడ. అయినను ఆ విమానము నిర్ణీతమైన యెత్తున నిలువక క్రిందికి దిగెను. ఏల? అందు ఢిల్లీతో మాటలాడువాడొకడు, విమానమును నడుపువాడు వేరొకడు! రేడియో ఉద్యోగి వినినది చోదకునకు సరిగ నెక్కవలెను. చోదకుడు చేయుచున్నది రేడియో ఉద్యోగికి తెలియవలెను. ఆ యుద్యోగికి ప్రత్యేకముగ నెత్తును సూచించు యంత్రమైనను లేకుండెను. అపార్థము ఢిల్లీకిని విమానమునకును నడుమనే కాదు, విమానములోపలను గలిగినది.

జస్టిస్ లాహోటీ విచారణసంఘము కజకు సిబ్బందినే దోషులుగ నిర్ణయించి, వారి ఇంగ్లీషు జ్ఞానము చాలదనియు జెప్పినది. ఆ నిర్ణయమును మేము కాదనము. కాని నాటి ఢిల్లీ రాడారు విమానమున్న తావును చూపునదే గాని దాని యెత్తును చూపునది కాదు. ఎత్తునకు చోదకులు చెప్పిన నోటిమాటయే ప్రమాణము! రాజధానీనగరమున నిట్టి స్థితి! వచ్చుపోవు పౌరవిమానములకు ఒకటే త్రోవ; చుట్టునున్న యాకాశములో చాలభాగము సైన్యమునకు ప్రత్యేకింపబడియుండెను. చీకటిలో నొకేబాటపై నెదురెదురుగ బండ్లు తోలించి, కేకలతో తప్పించుకొనుడనుట యిట్టిదే.

1977లో టెనెరిఫే ద్వీపమున 583 మంది మరణించినప్పుడు ఇంగ్లీషు తెలియనివారెవ్వరును లేరు. అచట రెండు సందేశములొకేసారి వెలువడి, ఆగుమను మాట రొదలో మునిగిపోయెను.

దాద్రీ దుర్ఘటన తరువాత ఢిల్లీలో రాకపోకలకు వేర్వేరు మార్గము లేర్పడినవి. ఎత్తు చూపు రాడారు వచ్చినది. ఢీకొనకుండ హెచ్చరించు యంత్రము విమానములకు తప్పనిసరి యైనది. ఆ యంత్రము మాత్రము నాటికి క్రొత్తది కాదు. అమెరికాలో పెద్ద ప్రయాణికవిమానములకు 1993 ముగియునాటికే అది విధింపబడియుండెను.