ఆధారం చూపాలి

బడిలో వికీపీడియా మాట వస్తే మన ఉపాధ్యాయులు రెండు వర్గాలుగా విడిపోతున్నారు. ఎవరు పడితే వారు రాసే దానిని పిల్లల చేతికి ఎలా ఇస్తామంటూ ఒక వర్గం నిషేధిస్తున్నది. ప్రాజెక్టు పని అప్పగించి, అందులోని పుటను ఉన్నదున్నట్లు అచ్చు తీసి తెచ్చినా మార్కులు వేసి పంపుతున్నది రెండవ వర్గం. రెండు చోట్లా విద్యార్థి నేర్చుకుంటున్నది ఏమీ లేదు. మైనారిటీ విద్య అనగానే సీట్లు, స్కాలర్‌షిప్పులు, భవనాలు అని లెక్కలు తీయడం మనకు అలవాటయింది. ఆ లెక్కలు అవసరమే. కానీ సీటు దొరికిన పిల్లవాడు ఆ గదిలో కూర్చుని ఎలా చదువుతున్నాడన్న ప్రశ్న మన సభల్లో అరుదుగా వినిపిస్తున్నది.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. నాడు బడి మానేసినవారిలో చాలామంది నేడు తల్లిదండ్రులు. వారి పిల్లలు ఇప్పుడు గురుకులాల్లో ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. ఇంటికి వచ్చి పాఠంలోని సందేహం అడిగితే చెప్పగల పెద్దలు ఆ ఇళ్లలో తక్కువ. అటువంటి పిల్లలకు పైసా ఖర్చు లేకుండా దొరికే విజ్ఞాన సర్వస్వం చిన్న వరమేమీ కాదు.

తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని కొమర్రాజు లక్ష్మణరావుగారు పూనుకుని, మూడు సంపుటాలు వెలువరించి 1923లో కన్నుమూశారు. ఆ తరువాత వచ్చిన సంపుటాలు గ్రంథాలయాల బీరువాల్లో తాళాల వెనుక ఉండిపోయాయి. 2001 జనవరిలో ఇంగ్లీషులో ఆరంభమైన వికీపీడియాకు 2003 డిసెంబరులో తెలుగు రూపం, 2004 జనవరిలో ఉర్దూ రూపం వచ్చాయి. తెలుగులో నేడు లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. వాటిలో చాలా భాగం గ్రామాల పుటలు, జనాభా లెక్కల అంకెలు దాటి పోనివి. ఆ కొరత ఒప్పుకోవలసిందే.

అందులో తప్పులుండవా? ఉంటాయి. 2005లో నేచర్ పత్రిక 42 విజ్ఞానశాస్త్ర వ్యాసాలను నిపుణుల చేత పరీక్షింపజేయగా, వికీపీడియాలో వ్యాసానికి సగటున నాలుగు, బ్రిటానికాలో మూడు పొరపాట్లు కనిపించాయి. అదే సంవత్సరం అమెరికాలో జాన్ సీగెన్‌థాలర్ అనే పాత్రికేయుడికి కెనెడీ హత్యతో సంబంధం ఉన్నట్లు ఎవరో రాసిన అబద్ధం నెలల తరబడి అందులో చెక్కుచెదరకుండా నిలిచింది. పిల్లలకు ఈ రెండు విషయాలనూ కలిపి చెప్పాలి. ఒక్కటే చెబితే గుడ్డి నమ్మకమో, గుడ్డి అనుమానమో మిగులుతుంది.

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన వారికి ఈ వ్యవస్థ కొత్తగా తోచదు. ఫైలులో నోటు ఒకవైపు, దానికి ఆధారమైన కాగితాలు మరొకవైపు ఉంటాయి. ఏ గుమాస్తా ఏ తేదీన ఏమి రాశాడో, పై అధికారి ఎక్కడ కొట్టివేసి చేవ్రాలు పెట్టాడో, పదేళ్ల తరువాత తీసినా తెలుస్తుంది. వికీపీడియా పుటలోని ‘చరిత్ర’ అటువంటి నోటు ఫైలే. ‘చర్చ’ పుటలో వాదోపవాదాలు ఉంటాయి. అడుగున ‘మూలాలు’ ఉంటాయి. ఆధారం లేని వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న చిన్న ముద్ర పడుతుంది. పాఠ్యపుస్తకంలో ఏ వాక్యం ఎప్పుడు మారిందో, ఎవరు తీసివేశారో విద్యార్థికి కనిపించదు, ఇక్కడ కనిపిస్తుంది. తరగతిలో వ్యాసం చదివించడం కన్నా ముందు ఈ మూడు చోట్లా వేలు పెట్టి చూపించడం ఉపాధ్యాయుని పని.

మనకే చేదుగా ఉండే ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఢిల్లీ ఇండియా గేటు మీద తొంభై వేలకు పైగా స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు చెక్కి ఉన్నాయనీ, వారిలో అరవై వేలకు పైగా ముస్లింలేననీ చెప్పే సందేశం మన ఫోన్లలో ఏళ్ల తరబడి తిరుగుతున్నది. సభావేదికల మీద కూడా వినిపిస్తున్నది. ఎనిమిదో తరగతి విద్యార్థి చేత వికీపీడియాలో ఆ పుట తెరిపించండి. అది 1921లో శంకుస్థాపన జరిగి 1931లో ప్రారంభమైన యుద్ధ స్మారకం. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, మూడవ అఫ్ఘాన్ యుద్ధంలోనూ బ్రిటిషు ఇండియా సైన్యం తరఫున మరణించినవారి కోసం కట్టినది. దానిపై చెక్కిన పేర్లు సుమారు పదమూడు వేలు. స్వాతంత్ర్య సమరయోధుల జాబితా అక్కడ లేనే లేదు. ఐదు నిమిషాల పని. అయినా ఆ అబద్ధాన్ని మనం మోస్తూనే ఉన్నాము, ఎదుటివాడు దానిని పట్టుకుని మన నిజమైన చరిత్రను కూడా కొట్టిపారేసేందుకు అవకాశం ఇస్తున్నాము.

నిజమైన చరిత్రకు ఈ అలంకారాలతో పని ఏమిటి? 1857 జూలైలో హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వం వహించారు. 1921 అహ్మదాబాదు కాంగ్రెసులో మౌలానా హస్రత్ మోహానీ సంపూర్ణ స్వాతంత్ర్యం కోరుతూ తీర్మానం ప్రతిపాదించగా గాంధీజీ వ్యతిరేకించారు. వీటికి ఆధారాలున్నాయి. ఆధారమున్న ఒక్క వాక్యం ఆధారం లేని అరవై వేల పేర్ల కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

భిన్న కథనాలున్న విషయం తరగతికి మరింత పనికివస్తుంది. జాతీయ పతాకం అనగానే తెలుగువారికి పింగళి వెంకయ్యగారు, 1921 బెజవాడ కాంగ్రెసు సమావేశం గుర్తుకు వస్తాయి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన తుది రూపంలో, చరఖా స్థానంలో అశోక చక్రం వచ్చిన దశలో, బద్రుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య సురయ్యా త్యాబ్జీల పాత్ర ఉన్నదని చెప్పే కథనం మరొకటి. ఇంగ్లీషు పుటలో ఏమున్నది, తెలుగు పుటలో ఏమున్నది, ఉర్దూలో ఏమున్నది, ఏ వాక్యానికి ఏ పుస్తకాన్ని చూపారు అని నలుగురేసి పిల్లల జట్లకు పంచి ఇస్తే ఒక పీరియడు చాలదు. తీర్పు చెప్పడానికి ఉపాధ్యాయుడు తొందరపడకూడదు. మన వర్గం పేరు ఉన్నది గనుక ఇదే నిజమని పిల్లవాడు అంటే, పుస్తకం చూపమని వాడినే అడగాలి.

ఇక రాయడం సంగతి. మన గురించి సరిగా లేదని ఫిర్యాదు చేసేవారిని, మరి మీరు రాయకూడదా అని అడిగితే ఉత్సాహం వస్తుంది. నియమాలు తెలిసిన వెంటనే ఆ ఉత్సాహం చల్లారుతుంది. సొంత పరిశోధన చెల్లదు, పక్షపాతం చెల్లదు, ప్రచురితమైన ఆధారం కావాలి. మా తాతగారు చెప్పారు అంటే కుదరదు. ఈ నియమం మనకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల చరిత్ర గానీ, పల్లెల్లోని ఆషూర్‌ఖానాల చరిత్ర గానీ ఎక్కువగా పెద్దల నోట్లోనే ఉన్నది. నియమాన్ని తిట్టి లాభం లేదు. ఆ జ్ఞాపకాలను తేదీ, ఊరు, చెప్పినవారి వివరంతో సేకరించి ముందుగా అచ్చు వేయాలి. పుస్తకమై, నలుగురు పరిశీలించిన తరువాతే అది మూలంగా నిలబడగలదు. మన పత్రికలు ఆధారాలు ఇవ్వకుండా ఆవేశం మాత్రమే అచ్చు వేస్తే రేపు వాటిని ఎవరూ ఉదహరించరు. ఈ మాట ఈ పత్రికకు కూడా వర్తిస్తుంది.

తొందరపాటు వల్ల ఏమవుతుందో పుణే చెబుతుంది. 2011లో అక్కడి కొన్ని కళాశాలల విద్యార్థుల చేత వికీపీడియా వ్యాసాలు రాయించే కార్యక్రమం జరిగింది. చాలామంది పాఠ్యపుస్తకాల నుంచి, ఇతర చోట్ల నుంచి పేరాలకు పేరాలు దించివేశారు. వాటిని వెతికి తొలగించలేక స్వచ్ఛంద కార్యకర్తలు అలసిపోయారు, కార్యక్రమం ఆ ఏడాదే ఆగిపోయింది. తప్పు పిల్లలది మాత్రమే కాదు. చిన్నప్పటి నుంచి గైడు చూసి దించడమే చదువని నేర్పి, ఒక్కసారిగా సొంత మాటల్లో రాయమంటే ఎక్కడి నుంచి వస్తుంది? తరువాతి కాలంలో వికీమీడియా ఫౌండేషన్ బొలీవియా, మొరాకో, ఫిలిప్పీన్స్ దేశాల్లో ఉపాధ్యాయులకు ముందు చదవడం, పరిశీలించడం నేర్పే శిక్షణ చేపట్టింది. ఆ వరుసే సరైనది. రాయడం పై తరగతులకు ఉంచి, చిన్నవారికి చదవడం, సరిచూడటం నేర్పితే చాలు. తమ ఊరి పాత మసీదు, దర్గా, బావి ఫొటో తీసి, తామే తీసినదని చెప్పి వికీమీడియా కామన్స్‌లో చేర్చడం మాత్రం పదో తరగతివారు కూడా చేయగలరు. అక్కడ పిల్లల అసలు పేరు, బడి పేరు పెట్టనీయకండి, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో.

ఇంటర్నెట్ లేదన్నది మన బడులు చెప్పే మొదటి సాకు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది. దాని ద్వారా తెలుగు, ఉర్దూ వికీపీడియాలను ఒకసారి దించుకుని కంప్యూటరులో ఉంచుకుంటే, తరువాత ఇంటర్నెట్ లేకుండానే చదువుకోవచ్చు. పేరు, చిరునామా అడగదు, రుసుము లేదు. అయితే ఆ ప్రతిలో ‘చరిత్ర’, ‘చర్చ’ పుటలు రావు కనుక, వాటిని చూపించడానికి ఉపాధ్యాయుని ఫోను అవసరమవుతుంది.

మసీదు కమిటీలు నడిపే ట్యూషన్ కేంద్రాల్లో, మదరసాల్లో, మొహల్లా గ్రంథాలయాల్లో పాత కంప్యూటర్లు దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిలో ఒకదానిని ఈ వేసవి సెలవుల్లో బాగు చేయించి కివిక్స్ ఎక్కించడానికి కమిటీ తీర్మానం, ఒక సాయంత్రం, ఆ పని తెలిసిన ఒక యువకుడు చాలు. బడులు తెరిచాక జరిగే తల్లిదండ్రుల సమావేశంలో ఫీజులు, భోజనం సంగతులతో పాటు, వారానికి ఒక పీరియడు మూలాలు సరిచూసే పాఠానికి కేటాయిస్తారా అని కూడా అడగండి.